ఊరి బడి బాగుకు ఊరివారు చేయదగిన పనులు



వ్యవసాయ విస్తరణాధికారి మాట్లాడతాడంటే విత్తనం గురించో, ఎరువు గురించో, టమేటా చేలో ఆకుముడత గురించో చెబుతాడని మీరు అనుకొంటారు. ఈ పూట నేను మీ ఊరి బడిని గురించి మనవి చేయదలచాను. బడికీ సేద్యానికీ ఏమి సంబంధం అని అడుగుతారేమో. ఆ సంబంధం మీ ఇంటి చూరు కిందనే ఉన్నది.

మీరు చేలో కొట్టే పురుగుమందు డబ్బాను ఒకసారి తీసి చూడండి. మూలమీద నిలబెట్టిన చదరం గుర్తు ఒకటి దానిమీద ఉంటుంది. అందులో కింది సగానికి ఎరుపో, పసుపో, నీలమో, పచ్చో రంగు వేసి ఉంటుంది. ఎరుపు అన్నిటికంటె తీవ్రమైన విషానికి గుర్తు, పచ్చ అన్నిటికంటె తక్కువ విషానికి గుర్తు. రంగు వరకు చదువు రానివారు కూడా పోల్చుకొంటారు. కాని ఎన్ని నీళ్ళకు ఎంత మందు కలపాలి, కొట్టిన తర్వాత ఎన్ని రోజులు ఆగి కాయ కోయాలి, ఒంటిమీద పడితే ఏమి చేయాలి అన్న సంగతులు రంగులో ఉండవు. అక్షరాల్లో ఉంటాయి. ఆ అక్షరాలు మీ ఇంట్లో ఎవరు చదువుతారు? "మా పాప ఐదో తరగతి చదువుతా ఉంది సార్, అది చదువుతాది" అని చాలామంది అంటారు. మంచిది. ఆ పాపను పిలిచి చదవమనండి. తడుముకోకుండా చదివితే సంతోషం. రెండు మాటలు కూడబలుక్కొని అమ్మ మొగం వైపు చూసిందంటే, ఐదేండ్లుగా బడికి పోతున్న పిల్లకు ఎందుకు ఇట్లా అయింది అని మనం విచారించవలసి ఉన్నది.

ఇది ఒక ఊరి సమస్య కాదు. 2005 నుంచి ప్రథమ్ అనే సంస్థ చొరవతో 'అసర్' అనే సర్వే జరుగుతున్నది. సర్వే చేసేవారు పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లల చేత చదివించి చూస్తారు. దేశం మొత్తంమీద పల్లెల్లో ఐదో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 2018లో నూటికి 50 మంది తేలారు. కరోనా కాలంలో బడులు మూతబడిన తర్వాత 2022లో ఆ సంఖ్య సుమారు 43కు పడిపోయింది. 2024లో తిరిగి 49కి వచ్చింది. అంటే ఇప్పటికీ దాదాపు సగం మంది తమకంటె మూడు తరగతులు చిన్నదైన పాఠం కూడా చదవలేకపోతున్నారు. సర్కారు బడుల్లోనే కాదు, ప్రైవేటు బడుల పిల్లలను కూడా కలిపి వేసిన లెక్క ఇది.

అయితే ఇది దేశం లెక్క. మీ ఊరి లెక్క ఏ నివేదికలోనూ దొరకదు. పక్క ఊరి మట్టిని పరీక్ష చేయించి మన కయ్యలో ఎరువు వేయం గదా! మన మట్టిని మనమే తీసి పంపాలి. బడి సంగతి కూడా అంతే.

ఈ సందర్భంలో మన చెరువులను ఒకసారి తలచుకొందాం. పెద్ద కాలువల మాట లేని రోజుల్లో పుంగనూరు, మదనపల్లె, కుప్పం సీమ అంతా చెరువుల మీదా కుంటల మీదా బ్రతికింది. ఆ చెరువులను కాపాడినది కుడిమరామత్తు. వానలు రాకముందే ఇంటికొక మనిషి పార పట్టుకొని వచ్చి కట్టకు మట్టి వేసేవాడు, కాలువలో పూడిక తీసేవాడు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఈ ఆచారానికి చట్టబలం కూడా కల్పించింది. నీటిని వంతుల ప్రకారం వదలడానికి నీరుగంటి ఉండేవాడు. తర్వాత కాలంలో "చెరువు సర్కారుది, మరమ్మతు కూడా సర్కారే చూసుకొంటుంది" అన్న భావం బలపడింది. కట్టమీద కంప మొలిచింది, తూము పూడింది, వంక మూసుకొనిపోయింది. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని పెద్దలు ఊరికే అనలేదు.

బడి విషయంలో కూడా మనం అదే దారి పట్టాము. గది సర్కారు కట్టించింది, అయివారు సర్కారు మనిషి, పుస్తకాలు సర్కారు ఇస్తుంది, మధ్యాహ్నం అన్నం సర్కారు పెడుతుంది. నిజమే. కాని లోపల కూర్చున్న పిల్లలు ఎవరివాళ్ళు? వాళ్ళు మనవాళ్ళు. గండి పడితే నీళ్ళు పోయేది మన కయ్యలకే.

ఊరివాళ్ళు తలచుకొంటే బడి మారుతుందా అని సందేహించవద్దు. మన పొరుగున ఉన్న మద్రాసు రాష్ట్రంలో 1958 నుంచి పాఠశాలాభివృద్ధి మహాసభలు జరిగాయి. తమ బడికి ఏమేమి కావాలో ఊరివాళ్ళే కూర్చొని జాబితా రాసుకొనేవారు. ఒకరు స్థలం, ఒకరు బల్లలు, మరొకరు పిల్లలకు అన్నం పళ్ళాలు ఇచ్చేవారు. అప్పటి విద్యాశాఖ డైరెక్టరు నె.దు. సుందరవడివేలు ఈ ఉద్యమాన్ని ముందుండి నడిపించారు. ఆ రోజుల్లో పల్లెల్లో ధనం తక్కువ, పట్టుదల ఎక్కువ.

ఇప్పుడు మనకు చట్టం అండ కూడా ఉన్నది. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యానికి ఒక చట్టం చేశారు. 2009లో పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ప్రతి సర్కారు బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. బడి ఎట్లా నడుస్తున్నదో చూడడం, వచ్చిన డబ్బు ఎట్లా ఖర్చయిందో చూడడం, బడి అభివృద్ధికి ప్రణాళిక రాయడం ఈ కమిటీ పనులు. మన రాష్ట్రంలో 2024 ఆగస్టు 8న ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. అదే సంవత్సరం డిసెంబరు 7న రాష్ట్రంలోని సర్కారు బడులన్నిటా ఒకే రోజు తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశాలు పెట్టారు. 2025 జూలై 10న రెండవసారి జరిపారు.

చట్టం వచ్చింది, ఎన్నిక జరిగింది, సమావేశంలో ఫోటో తీశారు. అంతటితో పని అయిపోయిందా? నేను తిరిగే ఊళ్ళలో ఒకచోట బడి గోడమీద కమిటీ సభ్యుల పేర్లు చక్కగా రాసి ఉన్నాయి. ఆ పేర్లలో ఉన్న ఒక తల్లి చేలో కాయలు కోస్తూ కనిపించింది. "కమిటీలో మీరు ఏం చేస్తారమ్మా?" అని అడిగాను. "సంతకం పెట్టమంటే పెడతాను సార్" అన్నది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమెకు ఏమి చేయాలో చెప్పినవారు లేరు. అందుకే ఏమి చేయాలో ఒక్కొక్కటిగా మనవి చేస్తాను.

మొదటి పని: పిల్లల చదువును మనమే పరీక్షించి చూడాలి. ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు. కమిటీలోనో, యువజనుల్లోనో తెలుగు బాగా చదవగలవారు ఇద్దరుంటే చాలు. ఒక్కొక్క పిల్ల చేత ముందు అక్షరాలు, తర్వాత చిన్న మాటలు, ఆ తర్వాత నాలుగు వాక్యాలు, చివరకు రెండో తరగతి పుస్తకంలోని ఒక కథ చదివించండి. ఎవరు ఎక్కడ ఆగిపోయారో ఒక కాగితం మీద గీతలు పెట్టుకోండి. లెక్కల్లో కూడా రెండంకెల తీసివేత ఒకటి చేయించండి. ఈ కాగితం అయివారిని దోషిగా నిలబెట్టడానికి కాదు. భూసార పరీక్ష కాగితం చూసి రైతును ఎవరూ తిట్టరు. భూమికి ఏది తక్కువో తెలుసుకొని అది వేస్తారు. మూడు నెలలకొకసారి మళ్ళీ చదివించండి. గీతలు ఒక మెట్టు పైకి జరిగితే పని సాగుతున్నట్టు.

రెండవ పని: పంట రోజుల్లో పిల్లల హాజరు కాపాడాలి. ఇది ఊరివాళ్ళ చేతుల్లో తప్ప మరెవరి చేతుల్లోనూ లేదు. మన సోమల మండలంలో టమేటా నాటిన రెండు నెలలకు కోతలు మొదలైతే, మూడు నాలుగు రోజులకొకసారి కాయ కోయక తప్పదు. కూలీలు దొరకరు, మదనపల్లె మండీకి బండి పోయే వేళ దాటిపోతుంది. అప్పుడు "ఈ ఒక్క రోజుకు బడి మానుకో బిడ్డా" అంటాం. బడులు తెరిచే జూన్, జూలై నెలల్లోనే కోతలు ముమ్మరంగా ఉంటాయి. తర్వాత శెనక్కాయల పెరుకుడు వస్తుంది. వారానికి రెండు రోజుల చొప్పున పది వారాలు మానితే ఇరవై రోజులు అవుతాయి. చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా బడి జరగవలసిన రోజులే ఏడాదికి కనీసం 200. అందులో పదోవంతు చేలోనే పోయిందన్న మాట.

శెనక్కాయ పైరుకు ఊడలు దిగే దశలో తడి అందకపోతే తర్వాత ఎంత నీరు పెట్టినా కాయ ఊరదని మీకు తెలుసు. పిల్లలకు ఒకటి, రెండు తరగతులు అటువంటి దశ. అక్షరం, గుణింతం, ఒత్తు పట్టుబడే రోజుల్లో బడి మానిన పిల్ల, మూడో తరగతిలో అందరితో కూర్చున్నా పాఠం పట్టుకోలేదు. కాబట్టి ఊరిలో ఒక కట్టుబాటు చేసుకోండి. కోత రోజున ఇంటికి ఇంటికి మధ్య కూలి బదులు పెట్టుకోండి, ఈ రోజు మీ చేలో మేము, ఎల్లుండి మా చేలో మీరు. పద్నాలుగేండ్ల లోపు పిల్లలు మాత్రం బడివేళ చేలో కనిపించకూడదు. చేలో వాళ్ళను చూసిన పెద్దమనిషి ఎవరైనా సరే, "ఏమి నాయనా, బడి లేదా?" అని అడగాలి. ఊరంతా అడిగితే ఏ తండ్రికీ మాన్పించే మనసు రాదు.

మూడవ పని: కమిటీ నెలకొకసారి కూర్చోవాలి. తేదీ ముందే స్థిరపరచుకోండి. కోతలూ పాల వేళా లేని సాయంత్రం పెట్టుకొంటే ఆడవారు కూడా రాగలుగుతారు. ఒక పుస్తకంలో మూడే మూడు సంగతులు రాయండి. గతనెల అనుకొన్నవాటిలో ఏది జరిగింది, ఈ నెల ఏది చేయాలి, ఎవరు చేయాలి. "బోరు మోటారు మరమ్మతు" అని రాస్తే చాలదు. "ఫలానావారు ఫలానా తేదీలోగా మెకానిక్కును పిలిపించాలి" అని రాయాలి. పిల్లల హాజరు, నేర్చుకొనే శక్తి, వారి అభివృద్ధి గురించి తల్లిదండ్రులకు తెలియజేయడం ఉపాధ్యాయుల విధి అని చట్టంలోనే ఉన్నది. గనుక అడగడానికి జంకవద్దు. అడగనిదే అమ్మైనా పెట్టదు. అయితే మర్యాదగా అడగండి. "మా పిల్ల ఏ మాట దగ్గర ఆగిపోతా ఉంది అయివారూ, ఇంట్లో మేము ఏం చేయాల?" అని అడిగితే ఏ ఉపాధ్యాయుడికైనా ఉత్సాహం కలుగుతుంది.

నాలుగవ పని: అన్నం, నీళ్ళు, మరుగుదొడ్డి. ఇవి చిన్న విషయాలు కావు. మరుగుదొడ్డిలో నీళ్ళు లేక ఎదిగిన ఆడపిల్లలు బడి మానేసిన ఊళ్ళున్నాయి. గది కట్టడం సర్కారు పని కావచ్చు, తొట్టిలో నీళ్ళు ఉన్నాయా లేవా అని రోజూ చూడడం ఊరి పని. అన్నం వండే రోజుల్లో వంతుల ప్రకారం ఒక తల్లి వచ్చి ముందుగా రుచి చూడాలి. పప్పు ఉడికిందా, బియ్యంలో రాళ్ళు ఏరారా, గుడ్డు అందరికీ అందిందా అని చూడడానికి తల్లికి మించిన అధికారి లేడు. పెరట్లో కాస్త చోటుంటే మునగ, కరివేపాకు, ఆకుకూరలు నాటండి. పిల్లలు చేతులు కడిగిన నీళ్ళే వాటికి చాలు.

ఐదవ పని: ఊరికి తెలిసిన విద్యను బడిలోకి తీసుకొనిపోవాలి. దీనికి ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో 1980ల నుంచి చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపిస్తున్నారు. ఒకే గదిలో ఒకే ఉపాధ్యాయుడి దగ్గర రకరకాల వయసుల పిల్లలు ఉంటారు. పద్మనాభరావు, రమ అనే దంపతులు ఈ బడుల కోసం ఒక పద్ధతిని రూపొందించారు. పాఠాలన్నిటినీ చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, వాటిని నిచ్చెన మెట్ల వలె వరుస పెట్టారు. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉన్నదో ఆ పిల్ల ఆ కార్డు తీసుకొని చేసుకొంటుంది. జ్వరం వచ్చి వారం రోజులు మానినా, తిరిగి వచ్చి తాను ఆగిన మెట్టునుంచే మొదలుపెడుతుంది. ఊరివాళ్ళ కథలూ పాటలూ కూడా అక్కడ చదువులో భాగమే.

ఈ పద్ధతిని చూసి నేర్చుకొన్న మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట ఉపాధ్యాయులు 1995లో తమ బడుల్లో 'నలి కలి' పేరుతో ప్రారంభించారు. 2003 నుంచి చెన్నై కార్పొరేషను బడులు దీనిని అందుకొన్నాయి. అక్కడినుంచి అది తమిళనాడు అంతటికీ పాకింది. మన కొండల నడుమ మొలిచిన నారు కన్నడ సీమలోనూ తమిళ సీమలోనూ నాటుకొన్నది. ఇట్లాగే కుప్పం దగ్గర గుడుపల్లెలో అగస్త్య ఫౌండేషన్‌వారు 172 ఎకరాల ఆవరణలో పల్లె పిల్లలకు విజ్ఞానశాస్త్రాన్ని ప్రయోగాలు చేయించి నేర్పుతున్నారు. మన కమిటీలు ఉపాధ్యాయులతో మాట్లాడి, పిల్లలను ఒకసారి ఇటువంటి చోట్లకు తీసుకొనిపోయి చూపించవచ్చు.

మీ ఊరిలో కూడా చెప్పవలసిన విద్య చాలా ఉన్నది. టమేటా బాక్సుల లెక్క, మండీ చీటీలో కమీషను తీసివేత, పాల కేంద్రంలో వెన్నశాతం, పట్టుపురుగుల తట్టల లెక్క ఇవన్నీ గణితమే. నెలకు ఒక రోజు ఒక రైతు, ఒక కుమ్మరి, ఒక మేస్త్రీ, పాటలు తెలిసిన ఒక అవ్వ వచ్చి పిల్లలతో గంటసేపు గడిపితే, బడికీ ఊరికీ మధ్య ఉన్న గోడ పలచబడుతుంది. తాను చదువుకోలేదని సిగ్గుపడే తండ్రి, తన లెక్క బడిలో పనికి వచ్చిందని తెలిస్తే మరునాడు కొడుకును తానే బడికి దిగబెడతాడు.

ఇక రెండు జాగ్రత్తలు చెబుతాను. కమిటీలోకి ఊరి పార్టీలను రానివ్వవద్దు. బడి గేటు దగ్గర చెప్పులతోపాటు పార్టీని కూడా విడిచి లోపలికి రండి. రెండవది, కమిటీ అంటే ఉపాధ్యాయుడి మీద కాపలా అని తలచవద్దు. ఐదు తరగతులకు ఒక్కడే ఉన్నచోట ఆయన కష్టం మనం చూడాలి. అరవై మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని చట్టం చెబుతున్నది. రెండో ఉపాధ్యాయుడు లేకపోతే కమిటీ తీర్మానం చేసి మండల విద్యాశాఖాధికారికి పంపాలి. ఒక్క ఉపాధ్యాయుడు రాసే అర్జీకంటె ఊరంతా సంతకాలు చేసిన తీర్మానానికి బలం ఎక్కువ. అలాగే చందాల పేరుతో పేదవారిని పీడించవద్దు. లేనివారు ఒక పూట శ్రమ ఇస్తే అదే పదివేలు.

ఇదంతా ఇప్పుడే ఎందుకు చేయాలంటారా? ఊళ్ళోకి పసుపుపచ్చ బస్సు వస్తున్నది. అప్పు చేసి అయినా బిడ్డను ప్రైవేటు బడికి పంపాలని కొందరు తల్లిదండ్రులు అనుకొంటున్నారు. వారిని తప్పు పట్టను. బిడ్డ బాగు కోరని తల్లి ఉండదు. కాని పిల్లలు తగ్గితే ఉపాధ్యాయుల పోస్టులు తగ్గుతాయి, తర్వాత తరగతులే కదలిపోతాయి. 2022లో చాలా ఊళ్ళలో 3, 4, 5 తరగతులను దగ్గరలోని ఉన్నత పాఠశాలలకు మార్చారు. 2025లో ఆ ఉత్తర్వును రద్దు చేసి బడులను మళ్ళీ వేరొక విధంగా వర్గీకరించారు. ఉత్తర్వులు మారుతూ ఉంటాయి. మారనిది ఒకటే, పిల్లలు లేని బడిని ఏ ఉత్తర్వూ నిలబెట్టలేదు. బడి మూతబడితే బస్సు చార్జీ పెట్టలేని కూలివాడి బిడ్డ, ఇంటి దగ్గర తమ్ముణ్ణి ఎత్తుకొనే ఆడపిల్ల, వీళ్ళే ముందు నష్టపోతారు. ఉన్నవాడి బిడ్డకు ఇంకొక బడి దొరుకుతుంది. లేనివాడి బిడ్డకు ఊరి బడే బడి.

నాతోటి విస్తరణ మిత్రులకు కూడా ఒక మాట. మనం ఊరికి పోయి రైతుల సమావేశం పెట్టినప్పుడు దానిని బడి వరండాలోనే ఎందుకు పెట్టకూడదు? అట్లా పెడితే పది మంది తండ్రులు బడి గడప తొక్కుతారు. కరపత్రం పంచేటప్పుడు ఐదో తరగతి పిల్ల చేత పెద్దగా చదివించండి. రైతులకు సంగతీ తెలుస్తుంది, పిల్ల చదువు ఎంతవరకు వచ్చిందో కూడా తెలుస్తుంది.

రైతు సోదరులారా! కందూరు అయినా, నంజంపేట అయినా, ఆవులపల్లె అయినా, మీరు ఉన్నది ఏ ఊరైనా సరే, ఈ వారంలో ఒక్క పని చేయండి. మీ బడి కమిటీలో ఎవరెవరు ఉన్నారో కనుక్కోండి. వారిలో ఒక తల్లినీ, ఒక తండ్రినీ వెంటబెట్టుకొని, ఒక సాయంత్రం పదిమంది పిల్లల చేత చదివించి గీతలు పెట్టుకోండి. ఆ కాగితం తీసుకొని మరునాడు అయివారి దగ్గరికి పొండి. మిగతా పనులు ఏ వరుసలో చేయాలో ఆ కాగితమే చెబుతుంది. నారుమడిలో కలుపు తీయడానికి ఎవరి ఉత్తర్వు కోసమూ మనం కాచుకొని కూర్చోము గదా!